నీడ పడేట్టు ఏదో ఒకటి

మా బావకి తెలుపంటే చిన్నచూపు. మనుషుల్లో కాదు, రంగుల్లో. "తెలుపు రంగు కాదురా బామ్మర్దీ, రంగు వెయ్యబోతున్నామని చెప్పే కబురు" అంటాడు. ఆయన బోర్డులు రాసే ఆర్టిస్టు. రేకు మీద ముందు తెల్లటి ప్రైమర్ కొట్టి, అది ఆరాక అసలు పని మొదలుపెడతాడు. అందుకని ఎక్కడ తెల్లగోడ కనిపించినా, ఎవడో పని సగంలో వదిలేసి టీకి పోయాడనే అనుకుంటాడు. ఓసారి జ్వరమొచ్చి ఆస్పత్రిలో చేరినప్పుడు చుట్టూ గోడలు చూసి, "కట్టడం మొదలెట్టారు గానీ పూర్తి చెయ్యలేకపోయినట్టున్నారు పాపం" అని నా చెవిలో అన్నాడు. అంత జ్వరంలోనూ ఆ మనిషికి జాలి కలిగింది గోడల మీద.

ఆయన ఘనతంతా నీడలో ఉంది. అక్షరం రాశాక దాని కుడిపక్కనా అడుగునా నల్లరంగుతో నీడ వేస్తాడు. ఆ నీడ పడగానే అంతవరకూ చదునుగా పడుకున్న అక్షరం రేకు మీంచి లేచి కూర్చుంటుంది. మా వీధి మందుల షాపు బోర్డు మీద అక్షరాలు చెక్కతో చేసి అతికించారనుకుని, ఒక తాగుబోతు వాటిని ఊడబెరకబోయాడట. ఈ కథ మా బావ చెప్పినన్నిసార్లు ఆ తాగుబోతు తాగి కూడా ఉండడు. బోర్డు రాయించుకునేవాళ్ళు కూడా "ఆర్టిస్టుగారూ, కాస్త నీడ పడేట్టు వెయ్యండి" అనే అడిగేవాళ్ళు. ఫ్లెక్సీలొచ్చాక అలా అడిగేవాళ్ళు తగ్గిపోయారు. బావ ధీమా మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

నేను రంగుల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తాను. "ఆకాశం రంగివ్వండి" అని వస్తారు. "ఏ ఆకాశమండీ, పొద్దుటిదా సాయంత్రందా?" అంటే కోపం తెచ్చుకుంటారు. ఇలాంటివాళ్ళతో రోజంతా వేగి, సాయంత్రం అక్కావాళ్ళింటికి వెళ్తే అక్కడ బావ ఉంటాడు. నా రాత అలా ఉంది. అయినా వెళ్తాను, మా అక్కంటే నాకు ప్రాణం.

వాళ్ళది మూడంతస్తుల ఇంట్లో పై వాటా. ఒక గది, ఒక వంటిల్లు, వాటి నెత్తిన డాబా. ఆ డాబా బావ కార్ఖానా. మెట్ల గది నీడలో బోర్డులు నిలబెట్టుకుని, పగటి వెలుతురులో రాసుకుంటాడు. ట్యూబులైటు కింద రంగు అబద్ధం చెబుతుందని ఆయన నమ్మకం. కింద గదిలో అక్క మిషను కుడుతుంది. చొక్కాల కాలర్లు, కోట్లు, కర్టెన్లు, ఏవొస్తే అవి. వీధిలో సగంమంది మెడలు అక్క కుట్టిన కాలర్లలోనే ఉంటాయి.

వేసవిలో ఆ గది గది కాదు, పొయ్యి మీద పెనం. ఫ్యాను వేస్తే పైనున్న వేడిని పోగుచేసి మన ముఖాన కొడుతుంది. మిషను ఇనపపలక చురుక్కుమంటుంది. అలమారలో పెట్టిన కొవ్వొత్తి నడుం వంచి నమస్కారం పెట్టింది. కుళాయి తిప్పితే టీ పెట్టుకోవడానికి నీళ్ళు కాచక్కర్లేదు. ఇవన్నీ మేం నవ్వుతూ చెప్పుకునేవాళ్ళమే, ఈ ఏడాది అక్క మిషను మీదే స్పృహ తప్పి వాలిపోయేదాకా.

డాక్టరుగారు సెలైను పెట్టి, మా ఇద్దర్నీ పక్కకి పిలిచారు. "మధ్యాహ్నాలు ఆవిడ ఆ గదిలో ఉండటానికి వీల్లేదు. ఈసారి పడితే లేస్తారని నేను హామీ ఇవ్వలేను. గదైనా మార్చండి, పైకప్పు సంగతైనా చూడండి" అన్నారు. బావ తలూపాడు. అప్పుడు మాత్రం గోడల గురించి ఏమీ అనలేదు.

ఇంటాయన మంచివాడు. కింద సరుకుల కొట్టు వెనక గది ఖాళీగా ఉంది, అందులోకి దిగిపొమ్మన్నాడు. చల్లగా ఉంటుంది, కిటికీ మాత్రం లేదు. "మీరు దిగిపోతే పై వాటా గోడౌనుకి ఇచ్చుకుంటాను, డాబాతో సహా. నెలాఖరులోపు ఏ సంగతీ చెప్పండి" అన్నాడు. అంటే బావకి డాబా పోతుంది, వెలుతురు పోతుంది, ఆ మిగిలిన కాస్త పనీ పోతుంది.

అక్క రెండు ముక్కల్లో తేల్చేసింది. "నాకు బతకాలనుందయ్యా. నెలాఖరుకి నేను కిందికి దిగుతున్నా. నువ్వొస్తే రా, లేకపోతే పైన నీ డబ్బాలతో కాపురం చెయ్యి."

మర్నాడు బావ నా కౌంటరు ముందు నిలబడ్డాడు. పెళ్ళిలో అలక తీర్చినప్పుడు కూడా నన్ను అంత మర్యాదగా చూడలేదు.

"ఒరేయ్, మీ అక్క నన్నొదిలేసి కిందికి పోతానంటోంది. ఏదో ఒకటి చెయ్."

"తెల్లరంగు కొట్టు బావా."

"గోడలకా?"

"డాబా నేలకి."

"అక్కడ ఎవడు చూస్తాడ్రా?"

"సూర్యుడు."

బావ నన్ను ఎగాదిగా చూశాడు. నేను విడమరిచి చెప్పాను. "నీ కాంక్రీటు పొద్దుటినుంచీ ఎండ తాగుతుంది, సాయంత్రం నుంచీ దాన్ని అక్క మీద కక్కుతుంది. దీనికోసమే చేసిన తెల్లరంగు ఉంది. అది కొడితే వచ్చిన ఎండలో చాలాభాగం వచ్చిన దారినే పోతుంది. అన్ని కప్పులూ అలా చేస్తే వీధి వీధే కాస్త చల్లబడుతుందట."

"అంటే ఊరంతటికీ ప్రైమర్ కొట్టేసి చేతులు కడుక్కుంటార్రా మీరు?"

నాకు ఒళ్ళు మండింది. "అక్క కావాలా, నీ రంగులు కావాలా?" అన్నాను. ఇంకెవరైనా అయితే వెంటనే జవాబు చెప్పేవాళ్ళు. బావ కాసేపు ఆలోచించి, "రెండు డబ్బాలియ్యి" అన్నాడు.

పని మాత్రం శ్రద్ధగా చేశాడు, అబద్ధం చెప్పకూడదు. నాచు గీకాడు, ఇనప బ్రష్షుతో రుద్ది కడిగాడు, పగుళ్ళు పూడ్చాడు. మొదటి పూత పల్చగా నిలువునా, రెండోది చిక్కగా అడ్డంగా. గ్రిల్లులు చేసేవాడి దగ్గర వెల్డింగు కళ్ళజోడు అరువు తెచ్చుకున్నాడు, ఆ తెలుపు మీద ఎండ పడితే కళ్ళు తెరవలేకపోతున్నానని. కళ్ళకి నల్లద్దాలు, మోకాళ్ళకి పాత టైరుముక్కలు, చేతిలో రోలరు. దొంగతనానికి వచ్చినవాడెవడైనా ఆ వేషం చూస్తే క్షమాపణ చెప్పి దిగిపోయేవాడు.

ఫలితం కూడా వెంటనే తెలిసింది. అంతకుముందు స్టూలెక్కి పైకప్పుకి అరచెయ్యి ఆనిస్తే అబ్బా అని లాక్కోవలసిందే. ఇప్పుడు అక్క మధ్యాహ్నం పూట చెయ్యి ఆనించి, అలాగే ఉంచి, స్టూలు మీదనుంచే నాతో ఇంట్లో సంగతులన్నీ మాట్లాడింది. చల్లగా మంచులా ఉందని కాదు. మనిషి ఉండగలిగేట్టుంది. భోజనమయ్యాక మిషను ముందు కూర్చుని ఏదో కూనిరాగం కూడా తీసింది. "ఇలాగే ఉంటే నేనెక్కడికీ దిగను" అంది. నాకు కడుపు నిండిపోయింది.

ఇక్కడితో ఆగితే అది మా బావ కథ కాదు.

ఎదురుగా ఒక ఎత్తు బిల్డింగుంది. అందులో ఆరో అంతస్తులో రిటైరయిన లెక్కల మాస్టారున్నారు. ఆయనకి బాల్కనీలో నిలబడి లోకాన్ని తనిఖీ చెయ్యడం తప్ప వేరే పని లేదు. ఒకరోజు అక్కణ్ణించి కేకేశారు. "ఆర్టిస్టుగారూ! బోర్డు చాలా పెద్దది పట్టారే! ఎవరిదండీ? ఇంకా ఏమీ రాయలేదేం?"

ఆయన సరదాకే అన్నారు. బావకి మాత్రం ఆ మాట గుండెల్లో దిగిపోయింది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. "నలుగురూ పైనుంచి చూస్తున్నార్రా. ప్రైమర్ కొట్టి పారిపోయాడనుకోరూ నన్ను?" అన్నాడు. డాబా మీదికి వెళ్తే ఆ తెల్లటి మైదానం చూసి చేతివేళ్ళు వాటంతటవే కదిలేవి. గాలిలోనే గుడులు, సుడులు తిప్పేవాడు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు.

ఆ సమయానికే మా పెద్దక్కకి ఒంట్లో బాగాలేదని కబురొస్తే, అక్కని తీసుకుని నేను బయల్దేరాను. గుమ్మం దిగుతూ అక్క వెనక్కి తిరిగింది. "ఏమయ్యా, నేనొచ్చేలోపు ఆ డాబా మీద నీడ పడేట్టు ఏదో ఒకటి వెయ్యి. బట్టలారేద్దామంటే ఆ తెలుపుకి కళ్ళు పోతున్నాయి."

అక్క అడిగింది బట్టలారేసే మూల ఒక పరదా. చేతిలో సంచీతో నిలబడ్డ నాకు అర్థమైంది. మెట్ల మీద పడుకున్న పిల్లికి కూడా అర్థమై ఉంటుంది. కానీ బావ ముఖం పండగొచ్చినట్టు వెలిగిపోయింది. "నీడ పడేట్టా?" అని మళ్ళీ అడిగాడు. "ఆఁ, నీడ పడేట్టే" అంది అక్క. ఆయనకి నిజంగా అర్థం కాలేదో, అర్థం కానట్టు నటించాడో ఇప్పటికీ తేలలేదు. అడిగితే కోర్టులో సాక్షిలా గుడ్లప్పగించి చూస్తాడు.

మేం తిరిగొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. బావ ఎదురొచ్చి సంచీ అందుకున్నాడు. అప్పుడే అనుమానం రావాలి నాకు, ఎందుకంటే ఆయన ఏనాడూ ఎవరి సంచీ అందుకున్న మనిషి కాడు. మంచినీళ్ళిచ్చాడు, ఫ్యాను వేశాడు, డాబా మెట్లవైపు ఎవరూ వెళ్ళకుండా కుర్చీ అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు.

అక్క మిషను ముందు కూర్చుని రెండు కుట్లు వేసి ఆగింది. పైట కొంగుతో మెడ తుడుచుకుంది. "మళ్ళీ కాలుతోందేంటి ఈ గది?"

"ఎండలు ముదిరాయి" అన్నాడు బావ.

"మంచం దగ్గర బాగానే ఉందిగా. ఇక్కడే నెత్తి మాడుతోంది."

"ప్రయాణం చేసొచ్చావు కదా, అలసట."

అక్క స్టూలు లాక్కుని ఎక్కింది. అరచెయ్యి పైకప్పుకి ఆనించి చటుక్కున తీసేసింది. రెండు బెత్తెలు పక్కకి జరిపింది. "ఇక్కడ చల్లగా ఉంది." ఇంకాస్త జరిపింది. "ఇక్కడ కాలుతోంది." స్టూలు జరుపుకుంటూ, చెయ్యి తీస్తూ పెడుతూ గదంతా తిరిగింది. "ఒరేయ్ తమ్ముడూ, వేడి గుండ్రంగా తిరిగిందిరా! ఇదిగో, ఇలా బయల్దేరి మళ్ళీ ఇక్కడికే వచ్చింది. సున్నలా ఉంది."

నేను బావని చూశాను. బావ కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు.

"దీని పక్కన ఇంకేదో ఉంది. కిందికి దిగి వంకర తిరిగింది. కొమ్ములా ఉంది" అంది అక్క.

"కొమ్మెందుకవుతుందే! దీర్ఘం అది! కిందినుంచి తిరగేసి చదివితే అలాగే ఉంటుంది మరి!" అన్నాడు బావ. అనేసి నాలుక కరుచుకున్నాడు.

అక్క స్టూలు దిగి, అడ్డంగా ఉన్న కుర్చీని బావతో సహా పక్కకి తోసి మెట్లెక్కింది.

డాబా నిండా ఎరుపూ నలుపూ. దగ్గర్నుంచి చూస్తే అది అక్షరమని కూడా తెలియదు, ఒక్కొక్క గీత మంచమంత వెడల్పు. ఎర్రటి కట్టల పక్కన నల్లటి గోతులు తవ్వినట్టుంది. ఆ నలుపంతా ఎండని జుర్రుకుని సరిగ్గా అక్క మిషను మీద దింపుతోంది.

"ఏంటయ్యా ఇది?"

"నీ పేరు" అన్నాడు బావ నెమ్మదిగా. "నీడ పడేట్టు ఏదో ఒకటి వెయ్యమన్నావు కదా."

"నేనడిగింది పరదా! బట్టలమీద ఎండ పడకుండా పరదా!"

"నీడ పడేట్టని నువ్వే రెండుసార్లన్నావు."

"ఇది నీడా? కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది! మంచం మీద ఎక్కడ పడిందిది?"

"తలగడ వైపు తలకట్టు మాత్రమే పడింది" అన్నాడు బావ, అదేదో తక్కువైనట్టు.

"తలకట్టు కింద తలపెట్టుకుని పడుకుంటే తలపోటు రాదూ? నా పేరే నన్ను కాల్చుకు తింటోంది కదయ్యా!"

ఆవిడ అరుపులకి ఇంటాయన కూడా పైకొచ్చాడు. చూసి, కాసేపు తేరుకుని, "చూడటానికి బాగానే ఉందనుకోండి. కానీ నెలాఖరొచ్చింది, పై వాటా కోసం గోడౌనువాళ్ళు తిరుగుతున్నారు" అన్నాడు. "రేపు చెబుతాను" అంది అక్క. ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే బాగుండేది, నాకు భయం వేసింది.

బావ డాబా మధ్యలో కూలబడ్డాడు. "ఈ వీధిలో అందరి పేర్లూ రాశాను. కట్టెల అడితీ వాడి పేరు కూడా రాశాను. నీ పేరు ఒక్కసారీ రాయలేదు. రాయడానికి ఇంత చోటూ ఎప్పుడూ దొరకలేదు" అన్నాడు. తర్వాత, "చెరిపేస్తాలే" అన్నాడు. అన్నాడే గానీ రోలరు ముట్టుకోలేదు. ఎప్పుడూ ఆయన్ని చూస్తే ఒళ్ళు మండే నేను, మొదటిసారి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

అక్క చాలాసేపు ఆ ఎర్రగీతల మధ్య నిలబడింది. "చెరిపేముందు నేను చూడొద్దా? ఇక్కణ్ణించి ఏమీ అర్థం కావడంలేదు" అంది. నన్ను తోడు రమ్మని ఎదుటి బిల్డింగుకి బయల్దేరింది. లెక్కల మాస్టారు తలుపు తీసి, ఎందుకొచ్చామో అడక్కుండానే బాల్కనీలోకి దారిచ్చారు.

పైనుంచి చూస్తే అప్పుడు తెలిసింది. తెల్లటి డాబా మీద అక్క పేరు లేచి నిలబడి ఉంది. నీడలు ఎంత కచ్చితంగా పడ్డాయంటే, ఆ సున్న పక్కనుంచి నడవాలంటే మనిషి ఒత్తిగిలి నడవాలనిపిస్తుంది. "నడినెత్తిన సూర్యుడున్నప్పుడు కూడా దానికి నీడ పడుతోందమ్మా. లెక్కప్రకారం పడకూడదు" అన్నారు మాస్టారు, ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు. దూరంగా డాబా మీద దీర్ఘం చివర బావ చిన్నగా నిలబడి మావైపే చూస్తున్నాడు.

అక్క కళ్ళనిండా నీళ్ళు. తుడుచుకోలేదు. "నన్నెప్పుడూ ఎవరూ ఇంత గట్టిగా పిలవలేదురా" అంది.

దిగొచ్చి తిన్నగా డాబా ఎక్కింది. మిగిలిన తెల్లరంగు డబ్బా మూత తీసి, రోలరు ముంచి, తన పేరులో మొదటి అక్షరం మీద తనే ఒక పట్టీ లాగింది. బావ ఒక్క ఉరుకున వచ్చాడు. ఆపడానికనుకున్నాను.

"అలా కాదే, చారలు పడతాయి. ఇలా ఇవ్వు" అని రోలరు లాక్కున్నాడు.

సాయంత్రం దాకా ఆయనే కొట్టాడు. ఎరుపు ఒక్క పూతకే లొంగింది గానీ, నలుపు మొండిది, కొట్టిన కొద్దీ తెలుపులోంచి తొంగిచూసింది. నేను ఇంకో డబ్బా తెచ్చి ఇచ్చాను. వెల్డింగు కళ్ళజోడు పెట్టుకున్నాడు కాబట్టి ఏడ్చాడో లేదో చెప్పలేను, ముక్కు మాత్రం మాటిమాటికీ చీదాడు. అంత నున్నగా, అంత సమంగా ఆయన తెలుపు కొట్టడం నేనెన్నడూ చూడలేదు. ప్రైమర్ ఎవరూ అంత ఓపిగ్గా కొట్టరు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళేసరికి అక్క మిషను తొక్కుతోంది. ఎవరిదో కోటు, లోపలి గుడ్డ జతచేస్తోంది. చెమట లేదు, చేతిలో తొందరా లేదు. బావ గుమ్మంలో కూర్చుని గోడకి చెబుతున్నట్టు గొణుగుతున్నాడు. "అంతా తుడిచిపెట్టేశాను. నా చేత్తో నేనే చెరిపేశాను నీ పేరు."

అక్క మిషను ఆపలేదు. "చెరిపేశానంటావేంటయ్యా? పైన తెలుపు, లోపల నా పేరు. మా పనిలో దాన్ని లైనింగంటారు. లైనింగు పైకి కనిపించిందంటే కుట్టినవాడికి పని రానట్టు."

బావ తలెత్తి పైకప్పు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. పెదవులు కదులుతున్నాయి, ఏదో చదువుకుంటున్నట్టు.

"తమ్ముడూ, నువ్వు దిగేటప్పుడు ఇంటాయనతో ఓ మాట చెప్పు" అంది అక్క, దారం తెంపుతూ. "కింది గది ఎవరికైనా ఇచ్చుకోమను. మేం పైనే ఉంటాం."